వ్రేలిముద్రయు దొంగతాళమును

మా మంగళగిరి గాలిగోపురమును చూడనివారు కృష్ణాతీరమున అరుదు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు 1807 మొదలు 1809 వరకు కట్టించిన యీ గోపురమునకు పదునొకండు అంతస్తులు. ఎత్తు 153 అడుగులు. తలయెత్తి దానిని చూచువానికి, ఇంతటి ద్వారము గల కోవెలలో దొంగ యెట్లు చొరగలడని తోచును. కాని లోకానుభవము గల పెద్దలు మరియొక మాట చెప్పుదురు. గోపురము నెక్కి దిగు దొంగ యరుదు; తాళపుచెవి నెవరో నమ్మి యిచ్చి యుందురు, లేదా దొడ్డితలుపు గడియ వేయుట మరచి యుందురు. నేడు నేను మీకు మనవి చేయబోవు కంప్యూటరు దొంగతనముల చరిత్రయు చాలవరకు దొడ్డితలుపు చరిత్రయే.

"కంప్యూటరును ముట్టనైన ముట్టని మాకు దాని దొంగతో నేమి పని?" యని మీలో కొందరనుకొనవచ్చును. మా పేటలోని నేతపనివారును నన్నిట్లే యడిగిరి. వారికిచ్చిన సమాధానమే మీకును చెప్పుదును. మీ పొలము లెక్క కంప్యూటరులో నున్నది. మీ పింఛను, బియ్యపుకార్డు, బ్యాంకులోని నిలువ, కడకు మీ బొటనవ్రేలి గీతలు సయితము కంప్యూటరులోనే యున్నవి. ఇనుపపెట్టెలోని సొమ్మునకు కావలి యుండుట మన తాతలు మనకు నేర్పిరి. అంకెలుగా మారిన సొమ్మునకు కావలి యుండుట మాత్రము మనమే నేర్చుకొనవలసి వచ్చినది. పదిండ్లవారు సలహాకు వచ్చు పెద్దలు మీరు. కావున ముందుగా మీతోనే ముచ్చటించుచున్నాను.

అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున, 1960వ సంవత్సరము తరువాతి దినములలో, ఒక పెద్ద కంప్యూటరుండెడిది. ఒక్క యంత్రమును పలువురు పంచుకొనవలెను గనుక ఎవరి వంతు కాలము వారికి కేటాయించి, ఒకరి కాగితములు మరియొకరు చూడకుండుటకై ఒక్కొక్కరికి ఒక్కొక్క రహస్యపదము నేర్పరచిరి. దీనినే పాస్‌వర్డందురు. ఈ యేర్పాటునకు ముఖ్యుడు ఫెర్నాండో కోర్బటో. 1962లో ఆలన్ షెర్ అను విద్యార్థికి తన వంతు కాలము చాలలేదు. అతడు దేనిని పగులగొట్టలేదు. అందరి రహస్యపదములు గల పట్టికను అచ్చు వేసి యిమ్మని యంత్రమునే యడిగెను. యంత్రము వినయముగా అచ్చు వేసి యిచ్చెను. ఆ పదములతో అతడు ఇతరుల వంతులను వాడుకొనెను. అనగా ఆనాటి దొంగతనమున పోయినవి కాసులు కావు, కాలము.

పిమ్మట 1986లో, మన పొరుగుననున్న లాహోరులో, బాసిత్, అంజద్ అను నన్నదమ్ములు వైద్యులకు పనికివచ్చు కంప్యూటరు కార్యక్రమము నొకదానిని వ్రాసి యమ్ముకొనుచుండిరి. కొన్నవారు దానిని ఊరకే నకలు చేసికొనుచున్నారని వీరికి కోపము వచ్చి, ఆ బిళ్లలలో నొక చిన్న లిపిని దాచిరి. ఆ బిళ్లను పెట్టిన కంప్యూటరున మరియొక బిళ్లను పెట్టినచో, లిపి దానికిని అంటుకొనును. మశూచి యొకరినుండి యొకరికి ప్రాకినట్లు ప్రాకుటచేత ఇట్టి లిపులకు వైరసనుపేరు కలిగినది. బ్రెయిన్ అను నీ వైరసు ఖండములు దాటిపోయెను. తమాషా యేమనగా, అన్నదమ్ములు తమ పేర్లను, దుకాణపు చిరునామాను, టెలిఫోను నంబరును అందులోనే వ్రాసి యుంచిరి! దూరదేశములనుండి టెలిఫోనులు వచ్చుచుండగా వారే విస్తుపోయిరట. కన్నము వేసి, కన్నము ప్రక్కన తన యింటిపేరు చెక్కి పోయిన దొంగ మరి పుట్టలేదు.

రెండేండ్లకు, 1988 నవంబరు 2వ తేదీన, రాబర్టు మోరిస్ అను అమెరికా విద్యార్థి విడిచిన లిపి మరియొక పాఠము నేర్పినది. అది మనుష్యుని చేతి సాయము లేకయే తీగెలవెంట ఒక కంప్యూటరునుండి యింకొకదానికి ప్రాకెను. ఆనాడు ఇంటర్నెట్టున నున్న సుమారు 60,000 యంత్రములలో 6,000 వరకు స్తంభించినవని యొక యంచనా. అది చొరబడిన త్రోవలలో ఒకటి మనము గమనింపదగినది. ఆ లిపిలోపల 432 మాటల పట్టిక యొకటి యుండెను. జనులు సామాన్యముగా రహస్యపదములుగా పెట్టుకొను మాటలవి. ఒక్కొక్క మాటనే తాళములో త్రిప్పి చూచి, అది పని చేసినచోట లోపలికి పోయినది. అమెరికాలోని పండితులు సయితము 432 మాటలలో దొరకిపోయిరన్న, మనుమని పేరో, పుట్టిన సంవత్సరమో, వరుసగా ఒకటి రెండు మూడు నాలుగో పెట్టుకొను మన సంగతి చెప్పనేల! పొడుగైన రహస్యపదము మంచిది. ఒకదానితో నొకటి సంబంధము లేని నాలుగైదు తెలుగు మాటలను చేర్చి పెట్టుకొన్నచో మనకు గుర్తుండును, యంత్రమునకు చిక్కదు. బ్యాంకునకు పెట్టినది మరియొకచోట పెట్టరాదు. ఇంటికి, కొట్టునకు, పశువులపాకకు ఒకే తాళపుచెవి చేయించుకొన్న రైతును మీరెన్నడైన చూచితిరా?

1989లో జరిగిన దానిని తలచుకొన్నచో నేటి పెద్దదొంగల పూర్వికుడు కనబడును. జోసఫ్ పాప్ అను నొక విద్యావంతుడు సుమారు 20,000 బిళ్లలను లండనునుండి తపాలాలో నానాదేశములకు పంపెను. ఎయిడ్సు వ్యాధిని గూర్చిన సమాచారమని పైన చీటీ. బిళ్లను పెట్టుకొన్నవారి కంప్యూటరు కొన్నాళ్లు చక్కగనే పని చేసి, పిమ్మట అందలి కాగితములన్నిటిని మరుగు చేసి, పనామా దేశములోని యొక తపాలాపెట్టెకు 189 డాలర్లు పంపినగాని తిరిగి చూపనని యక్షరములు చూపెను. మనిషిని కొండకు పట్టుకొనిపోయి సొమ్మడుగు బందిపోట్లవలె, మన కాగితములను మన యింటనే బంధించి సొమ్మడుగు నీ పద్ధతికి తరువాత రాన్సమ్‌వేర్ అను పేరు వచ్చినది. మా పానకాలస్వామి యెంత పానకము పోసినను సగము పుచ్చుకొని సగము ప్రసాదముగా విడుచునని మావారి విశ్వాసము. ఈ దొంగకు అంతటి ధర్మము లేదు. అడిగినంత యిచ్చియు తమ కాగితములు దక్కనివారు అనేకులున్నారు.

2000వ సంవత్సరము మే నెలలో ఫిలిప్పైన్సునుండి బయలుదేరిన ప్రేమలేఖ వైరసును గూర్చి ఒక్కమాట చెప్పి సాగెదను. తెలిసినవారి పేరుతో ఉత్తరము. "నీకొక ప్రేమలేఖ" యని పైమాట. విప్పినవారి కంప్యూటరు చెడును. వారి చిరునామాపుస్తకములోని అందరికిని అదే యుత్తరము వారి పేరనే పోవును. దానిని పుట్టించినవానిని పట్టుకొన్నను, ఆ దేశమున దానికి తగిన చట్టము లేకపోవుటచే విడిచిపెట్టవలసి వచ్చినది. మన దేశమున సమాచార సాంకేతిక చట్టము ఆ యేటనే, అక్టోబరు 17వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఒకరి పేర వేషము వేసి కంప్యూటరుద్వారా మోసగించినవానికి మూడేండ్లవరకు చెర, లక్ష రూపాయలవరకు జుల్మానాయని 2008లో జరిగిన సవరణ చెప్పుచున్నది.

ఇక మన జిల్లాలకు వత్తము. 2017 మే 12వ తేదీ శుక్రవారమునాడు వనాక్రై అను రాన్సమ్‌వేర్ లోకము మీద పడినది. ఒకటి రెండు దినములలోనే 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు బందీలైనవి. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపివేసినవి. మన రాష్ట్రమున చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు కార్యాలయములలోని కంప్యూటర్లును ఆ వాత పడినవి. తిరుమల తిరుపతి దేవస్థానమువారి కార్యాలయ కంప్యూటర్లు కొన్నియు తప్పించుకొనలేదు. రాష్ట్ర పోలీసు శాఖ ప్రధాన కార్యాలయము నేడు మా మంగళగిరిలోనే యున్నది. దొంగలను పట్టువారి యింటనే దొంగ పడెనని ఆ దినములలో నవ్వినవారును గలరు. నాకు నవ్వు రాలేదు. పోలీసు ఠాణాలో నుండు కంప్యూటరనగా ఎవరి కుమార్తె కనబడకపోయెనో, ఎవరి పొలము గట్టు తగవో, ఎవరి ప్రాణభయమో ఆ కాగితములు గదా!

ఈ వైరసు ఏ దొడ్డితలుపునుండి వచ్చినది? మైక్రోసాఫ్టు కంపెనీవారి విండోస్ అను సామగ్రిలో నొక లోపముండెను. అమెరికా ప్రభుత్వపు గూఢచారిశాఖ యొకటి దానిని కనిపెట్టి, తన యుపయోగమునకై రహస్యముగా నుంచుకొనెను. ఆ రహస్యమునే దొంగలు కాజేసి 2017 ఏప్రిలు 14వ తేదీన లోకమునకు వెల్లడించిరి. అయితే మైక్రోసాఫ్టువారు అంతకుముందే, మార్చి 14వ తేదీననే, ఆ లోపమును పూడ్చు మరమ్మతును ఇచ్చియుండిరి. మార్చి 14 మొదలు మే 12 వరకు 59 దినములు. ఆ 59 దినములలో మరమ్మతు వేసికొన్న కంప్యూటర్లకు ఆ త్రోవను ముప్పు రాలేదు.

డెల్టా రైతులకు నేనీ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. కాలువకట్టకు ఎండ్రకాయ బొరియ చేసినదని వేసవిలో తెలిసినను, వరద వచ్చినపుడు చూచుకొందమని యూరకుండువాని పొలము గండిలో పోవును. మీ సెల్‌ఫోనో, మీ పిల్లల కంప్యూటరో, "క్రొత్త మరమ్మతు వచ్చినది, వేసికొందువా?" యని యడుగుచుండును. దానినే అప్‌డేటందురు. రేపు రేపని తోసివేయక వేసికొననిండు. కాగితములకును, ఫొటోలకును నకలు తీసి వేరుగా నుంచుట రెండవ పని. విత్తనపు వడ్లను తిండిగింజల గాదెలో కలిపి పోయరు గదా! నకలును కంప్యూటరునకు తగిలించియే యుంచినచో దొంగ దానిని గూడ బంధించును; విడదీసి బీరువాలో పెట్టుకొనవలెను.

వనాక్రై యంత్రముల దోషమునుండి పుట్టినది. హైదరాబాదులోని ఏ.పి. మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో 2022 జనవరిలో జరిగినది మనుష్యుల చేతిమీదుగా నడచినది. సహకార సంఘములను నడిపిన మీకు అందలి మెలకువ చక్కగా బోధపడగలదు. అంతకు రెండు నెలలముందు, 2021 నవంబరులో, ఆ బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా కపటపు ఈ-మెయిలు ఉత్తరములు వచ్చినవి. దీనిని ఇంగ్లీషున ఫిషింగందురు. మన మాటలో గాలము వేయుట. ఎరను చూచినవారు వందలకొలది యుండగా, కొరికినవారు ఇద్దరని పోలీసులు చెప్పిరి. ఇద్దరు చాలిరి. వారి కంప్యూటర్లలో దొంగ చాటుగా నొక లిపిని నాటి, దూరమునుండియే వారి బల్లలోని వ్రాతలను చూడసాగెను. అతడు వెంటనే దోచుకొనలేదు, వారములకొలది పొంచియుండెను. బ్యాంకు లెక్కలన్నిటి మీదను సర్వాధికారము గల తాళపుచెవులు పదిమంది చేతులలో నుండెనని, వానిలో కొన్నిటికి ఒకే రహస్యపదముండెనని, ఫైర్‌వాలు అను రక్షణగోడ సరిగా లేదని పోలీసుల దర్యాప్తులో తేలినది.

జనవరి నాలుగవ వారాంతపు సెలవునాడు దొంగ లోపలికి వచ్చి, ముందుగానే తన మనుష్యుల పేర తెరిపించి యుంచిన ఖాతాలలో నిలువను అంకెలు దిద్ది పెంచి, అక్కడనుండి దేశమందలి వందలకొలది ఖాతాలకు ప్రవహింపజేసెను. పోయినది 12 కోట్ల 48 లక్షల రూపాయలు. అందు కొంత పోలీసులు నిలుపగలిగిరి. ఖాతాలు అద్దెకిచ్చినవారును, సొమ్ము తీసి యందించినవారును పలువురు పట్టువడిరి; సూత్రధారి విదేశములందున్నాడని పోలీసుల మాట. ఖాతాదారుల రక్షణకై యేర్పడిన నిబంధనలను పాటింపలేదని 2023లో రిజర్వు బ్యాంకువారు ఆ బ్యాంకునకు 65 లక్షల రూపాయలు జుల్మానా విధించిరి.

ఇందు నాకు మిక్కిలి ముఖ్యముగా తోచునది అద్దెఖాతాల సంగతి. దొంగసొమ్ము నిలుచుటకు ఎక్కడనో యొక పేదవాని పేర ఖాతా కావలెను. "నీ పాసుపుస్తకము, కార్డు నాకిమ్ము, నెలకింత యిత్తును" అని వచ్చు మధ్యవర్తులకు మన యూళ్లలోని నిరుద్యోగులగు పిల్లలే సులభముగా చిక్కుదురు. వారు దొంగిలింపకపోయినను చెరసాలకు పోవుదురు. ఈ సంగతి మీ రచ్చబండయొద్ద నాలుగుమారులు చెప్పినను తప్పులేదు.

దొంగకు బ్యాంకుగోడను త్రవ్వుట శ్రమ. దానికంటె ఖాతాదారునిచేతనే తలుపు తీయించుట సుఖము. కావున దొంగ టెలిఫోనుకు దిగినాడు. దుగ్గిరాల సంతకు పసుపు తోలు రైతు లెందరో నాకు తెలిసినవారు. వారిలో నొకనికి దూరప్రాంతపు వర్తకుడనని యెవడో టెలిఫోను చేసి, బయానా పంపెదనని చెప్పి, నలుచదరపు చుక్కలబొమ్మ నొకదానిని సెల్‌ఫోనుకు పంపినాడు. "బాబాయిగారూ! దీనిని మీ ఫోనుకు చూపి, మీ పిన్ను నొక్కండి, సొమ్ము మీ ఖాతాలో పడును" అన్నాడట. రైతు నొక్కినాడు, పడవలసిన సొమ్ము పోయినది. శ్రోతలారా! యు.పి.ఐ. అను నీ పద్ధతి 2016లో వచ్చినది. సొమ్ము పంపునపుడే గాని పుచ్చుకొనునపుడు అందు పిన్నుతో పని లేదు. మనకు కట్టనము చదివించువాడు మన బీరువా తాళపుచెవి యడుగునా? ఓ.టి.పి. యని వచ్చు ఆరంకెలును ఇంతే. అవి యా యొక్క లావాదేవికి మన చేవ్రాలు. టెలిఫోనులో చెప్పుట యనగా తెల్లకాగితముపై సంతకము పెట్టి యిచ్చుటయే.

మా పేటలోని వృద్ధుడైన నేతపనివాడు మాత్రము గట్టివాడు. నీ ఖాతా ఈ సాయంత్రముతో మూతపడును, అంకెలు చెప్పుమని బ్యాంకువానివలె నొకడు తొందరపెట్టగా, "నాయనా, మగ్గము దిగి యిప్పుడే వచ్చుచున్నాను, బ్యాంకు మా వీధి చివరనే గదా, అక్కడనే కూర్చుండుము" అన్నాడట. ఆవలివాడు టెలిఫోను పెట్టివేసినాడు. తొందరపెట్టుటయే వీరి యాయుధము. ఆలస్యము చేసినచో అది మొక్కబోవును.

ఇంకొక తెగ దొంగలు ఆశ చూపరు, భయము చూపుదురు. తాము సి.బి.ఐ. వారమనియో, కస్టమ్సువారమనియో, పోలీసులమనియో చెప్పి, టెలిఫోనులోనే యూనిఫారముతో ముఖము చూపి, "మీ పేర మత్తుమందుల పొట్లము దొరకినది, మేము చెప్పువరకు గదినుండి కదలరాదు, ఎవరితోను మాటాడరాదు" అని గంటలకొలది, దినములకొలది నిర్బంధించి సొమ్ము వ్రాయించుకొందురు. దీనికి డిజిటల్ అరెస్టని పేరు పెట్టినారు. చదువుకొన్న యుద్యోగులు, డాక్టర్లు, పింఛను పుచ్చుకొన్న పెద్దలు దీనిలో పడినారు. ఇట్టి యరెస్టు మన చట్టమున లేనేలేదని 2024 అక్టోబరు 27వ తేదీన ప్రధానమంత్రియే రేడియోలో చెప్పవలసి వచ్చినది. మా మంగళగిరిలోని ప్రధాన కార్యాలయమునందు గాని, దేశమునందలి మరి యే ఠాణాయందు గాని, మనిషిని టెలిఫోనులో అరెస్టు చేయు నధికారి లేడు. ఎవరితోను చెప్పవద్దన్నవాడు దొంగయని తలచి, ముందుగా ఇంటివారితోనే చెప్పవలెను.

సెల్‌ఫోనునకు రైతు సాయము పేరనో, బండి జుల్మానా పేరనో, పెండ్లిపిలుపు పేరనో వచ్చు ఏ.పి.కె. అను తరగతి కాగితములును దొడ్డితలుపులే. వానిని ముట్టినచో మన ఫోనునకు వచ్చు ఓ.టి.పి.లను దొంగయే చదువుకొనును. బ్యాంకువారి ఇంటర్నెట్టు చిరునామాలు బ్యాంక్ డాట్ ఇన్ అను మాటలతో ముగియునట్లు 2025 అక్టోబరు 31వ తేదీలోపల మార్చుకొనవలెనని రిజర్వు బ్యాంకువారు ఉత్తరువు చేసిరి. పిల్లలచేత ఆ తోకను చూపించుకొని మరి లోపలికి పొండు.

ఇంతవరకు చెప్పిన వానియందు ఖాతాదారునిదో, బ్యాంకువానిదో ఏదియో యొక యేమరుపాటున్నది. ఇక చెప్పబోవు దానిలో సొమ్ము పోగొట్టుకొన్నవారి తప్పు ఆవగింజంతయు లేదు. అందుచేతనే దీనికి కొంత యెక్కువ కాలము పుచ్చుకొందును.

నిశానీ వేయుట మన పల్లెలకు క్రొత్త గాదు. కాని వ్రేలిగీతలతో మనిషిని గుర్తించు పద్ధతిని పరిపాలనలోనికి తెచ్చినవాడు బెంగాలులో కలెక్టరుగా నుండిన విలియం హెర్షెల్. 1858లో జంగీపూరున రోడ్డు కంకరకై రాజ్యధర్ కొనాయి అను కంట్రాక్టుదారుతో కరారు వ్రాయించుకొనుచు, పిమ్మట నాది కాదని యనకుండుటకై, కరారు వెనుక ఆతని యరచేతి ముద్ర వేయించెను. 1877లో హుగ్లీలో, చనిపోయినవారి పేర ఇతరులు వచ్చి పింఛను పుచ్చుకొనకుండ పింఛనుదారులచేతను, దస్తావేజులు వ్రాసి యిచ్చువారిచేతను వ్రేలిముద్రలు వేయించెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. ముద్రలను తరగతులుగా విభజించు లెక్కను కుదిర్చినవారిలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మనవారిద్దరున్నారు. కీర్తి మాత్రము పైయధికారి హెన్రీ పేరనే నిలిచినది. ఇట్లు పరుని వేషము కట్టువానిని పట్టుటకై మన దేశముననే పెరిగిన విద్య యిది.

2001లో రిజిస్ట్రేషను చట్టమును సవరించి, భూమి దస్తావేజులకు ఉభయపక్షముల ఫొటోలను, వ్రేలిముద్రలను జత చేయవలెనన్నారు. మంచి యేర్పాటే. దస్తావేజులు పిమ్మట కంప్యూటరు కెక్కినవి. నకళ్లు ఇంటర్నెట్టులో దొరకసాగినవి. 2010నుండి ఆధారు నంబరు వచ్చినది. ఆధారు నంబరు, బ్యాంకు పేరు చెప్పి, వ్రేలు పెట్టినచో, పల్లెలోని బ్యాంకుమిత్రయొద్దనే సొమ్ము పుచ్చుకొను సౌకర్యమును గలిగినది. బ్యాంకు దూరమైన వృద్ధులకు ఇది నిజముగా మేలు చేసినది. దానిని నేను నిందింపను. కాని ఈ మూడు మంచిపనులును ఒకచోట గలిసినపుడు నడుమ నొక సందు తెరచుకొన్నది. ఒకే దస్తావేజునందు పేరున్నది, ఆధారు నంబరున్నది, వ్రేలిముద్ర యున్నది. దొంగకు కావలసిన సరంజామా యంతయు ఒకే కాగితముపై నున్నది.

2018లో తెలంగాణములోని పెద్దపల్లి జిల్లాలో నొక్కడు దస్తావేజుల ముద్రలనుండి వేలకొలది రబ్బరువ్రేళ్లను పోసి, వానితో సిమ్‌కార్డులను తెరచి పట్టువడెను. ఆతడు సిమ్‌కార్డులతో నాగినాడు. 2022 నవంబరులో సైబరాబాదు పోలీసులు పట్టుకొన్న ముఠా యాగలేదు. వారు ఆంధ్రప్రదేశపు రిజిస్ట్రేషను దస్తావేజులను తెచ్చుకొని, అందలి ముద్రలకు నకలువ్రేళ్లు చేసి, 149 మంది ఖాతాలనుండి 14 లక్షల 64 వేల రూపాయలు తీసిరి. ఆ 149 మందిలో ఎవరును అంకెలు చెప్పలేదు, ఏ గాలమును కొరుకలేదు. వారు చేసినదెల్లయు సర్కారువారు చెప్పినచోట సర్కారువారి యెదుట వ్రేలు పెట్టుట మాత్రమే. ఇట్టిచోట జనులను జాగ్రత్తగా నుండుడని బోధించుట సగము న్యాయమే. కాగితములను బహిరంగముగా నుంచినవారు లెక్క చెప్పుట తక్కిన సగము.

రహస్యపదము పోయినచో మరియొకటి పెట్టుకొందుము. తాళము పోయినచో క్రొత్తది కొందుము. బొటనవ్రేలు పోయినచో? బ్రహ్మ యిచ్చినవి పది వ్రేళ్లే. ఈ కారణమున వ్రేలిని రహస్యముగా నుంచుకొనలేకపోయినను, వ్రేలి తలుపునకు గడియ పెట్టుకొను నుపాయము నాధారు సంస్థవా రేర్పరచిరి. దీనికి బయోమెట్రిక్ లాకని పేరు. ఆధారునకు మన సెల్‌ఫోను నంబరు జతపడి యున్నచో, వారి ఇంటర్నెట్టు పుటలోనో, ఫోనులోని వారి యాప్‌లోనో గడియ వేయవచ్చును. గడియ వేసినంతకాలము అసలు వ్రేలును చెల్లదు, నకలువ్రేలును చెల్లదు. పింఛనుకో, బియ్యమునకో వ్రేలు పెట్టవలసిన దినమున గడియ తీసి, పని ముగిసినపిమ్మట మరల వేసికొనవలెను. అలవాటు లేనివారికి కొంత ప్రయాసయే. సందేహములున్నచో 1947 అను నంబరునకు ఉచితముగా టెలిఫోను చేసి యడుగవచ్చును. 2023 ఫిబ్రవరిలో వారు, పెట్టిన వ్రేలు సజీవమైనదా, పోతపోసినదా యని యంత్రమే పరీక్షించు పద్ధతినిగూడ ప్రవేశపెట్టిరి. ఎవరైన ఆధారు నకలు అడిగినపుడు, కడపటి నాలుగంకెలు మాత్రము కనబడు నకలును ఇచ్చుట చాలచోట్ల చెల్లును. దానికి మాస్క్‌డ్ ఆధారని పేరు.

గడియ వేసియు సొమ్ము పోవచ్చును. అప్పుడు చేయవలసినది దొంగలు పడిన ఆరు నెలలకు మొరుగుట గాదు. 1930 అను నంబరు దేశమంతటికి నొక్కటే. దానికి చెప్పిన వెంటనే సొమ్ము ఏ బ్యాంకునుండి ఏ బ్యాంకునకు పోవుచున్నదో వెంటాడి, చేతికందినంతవరకు నిలుపుదురు. గంట గడచినకొలది సొమ్ము చేతులు మారుచుండును. కావున బంధువులతో సంప్రదించి, ముహూర్తము చూచి పోవు పని కాదు. రాత్రియైనను చేయవలెను. పిమ్మట బ్యాంకునకును వ్రాతమూలకముగా తెలిపి, ముట్టినట్లు చీటీ తీసికొనవలెను. ఖాతాదారుని తప్పును బ్యాంకు తప్పును లేక సొమ్ము పోయినపుడు, మూడు పనిదినములలోపల తెలిపినచో ఆ నష్టము ఖాతాదారునిపై పడరాదని రిజర్వు బ్యాంకువారు 2017 జులై 6వ తేదీన బ్యాంకులకు ఉత్తరువు చేసిరి. నకలువ్రేలితో పోయిన సొమ్మును అడుగువారు ఈ తేదీని జ్ఞాపకముంచుకొని యడుగవలెను.

అయితే సొమ్ము పోయినట్లు తెలియుట యెట్లు? బ్యాంకువారు సెల్‌ఫోనునకు చిన్న యుత్తరము పంపుదురు. అది ఇంగ్లీషులో వచ్చును. అవ్వలును తాతలును దానిని చూడక ఫోనును దిండుక్రింద పెట్టి నిద్రింతురు. మా పేటలో పదవతరగతి చదువు బాలిక యొకతె సాయంత్రము బడినుండి వచ్చి, వరుసగా నాలుగిండ్ల ముసలివారి ఫోనులలోని బ్యాంకు ఉత్తరములను చదివి చెప్పి పోవుచుండును. అంకెలు మాత్రము ఎవరికిని పైకి చెప్పరాదని ఆ పిల్లకు వారే నేర్పినారు. ఆమె చదువునపుడు వారు ప్రక్కన కూర్చుండి పాసుపుస్తకముతో సరిచూచుకొందురు.